సినిమా చౌకే, తెలుగులో చూడటమే ఖరీదు

సినిమా చూడటానికి ఎంతవుతుందని అడిగితే ఇప్పుడు ఒక్క జవాబు రాదు. హాల్లో తలకింత, ఓటీటీలో ఇంటికింత, కేబుల్‌లో నెలకింత, ఫోన్‌లో డేటాకింత. ఒక్కో దారికి ఒక్కో కొలత ఉన్నప్పుడు రెండు ధరలు పక్కపక్కన పెట్టి ఇది చౌక, అది ఖరీదు అనడం లెక్క కాదు. అందుకే ఈ ప్రశ్నను గాల్లో కాకుండా ఒక చోట నిలబెట్టి చూడాలి. హౌరా నుంచి ఖరగ్‌పూర్ వైపు బయలుదేరే లోకల్‌కు మొదట తగిలే స్టేషన్ టికియాపారా. కోల్‌కతాకు హుగ్లీ అవతలి ఒడ్డు. రైలు పెట్టెల డిపో, లోకల్ రైళ్ల కార్‌షెడ్, బెలిలియస్ రోడ్డు వెంబడి చిన్న చిన్న లేత్ వర్క్‌షాపులు, ఇరుకు సందులు, వాటిలో కిక్కిరిసిన ఇళ్లు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఈ లైను వెంట తెలుగువాళ్లు పనికి వచ్చి స్థిరపడ్డారు. ఖరగ్‌పూర్‌లో వాళ్లది పెద్ద సంఖ్య. హౌరా ప్రాంతంలో ఉంటూ రైల్వే జీతం మీదో, చేతి పని మీదో బతికే ఒక తెలుగు కుటుంబం సినిమా చూడాలనుకుంటే దేనికి ఎంత పడుతుంది, ఆ డబ్బుకు ఏం దక్కుతుంది? నా వాదన ముందే చెబుతాను. డబ్బు లెక్కను తేల్చేది టికెట్టు మీది అంకె కాదు, ఎంతమంది కలిసి చూస్తున్నారు, ఎన్నిసార్లు చూస్తున్నారు అన్నదే. ఆ లెక్క తేలాక కూడా సొంత రాష్ట్రం బయట ఉన్నవాళ్లకు ఏ ధరల పట్టికలోనూ కనిపించని ఖర్చు ఒకటి మిగులుతుంది. అది భాష.

కోల్‌కతాకు తెలుగు సినిమా కొత్త కాదు. తొలి తెలుగు టాకీల్లో కొన్ని ఇక్కడే తయారయ్యాయి. చిత్తజల్లు పుల్లయ్య 1933లో ‘సావిత్రి’, 1934లో ‘లవకుశ’ తీసింది కలకత్తాలోని ఈస్ట్ ఇండియా ఫిలిం కంపెనీ కోసం. జె.ఎఫ్. మదన్ 1907లో ఎల్ఫిన్‌స్టన్ పిక్చర్ ప్యాలెస్ పెట్టినప్పటి నుంచి ఈ నగరం సినిమా హాళ్ల నగరం. పాత హాలుకు ఒక గుణం ఉండేది, దాన్ని మనం తగినంతగా గుర్తించలేదు. మన వైపు నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అని తరగతులు ఉన్నట్టే అన్ని ఊళ్లలోనూ ఒకే హాల్లో, ఒకే ఆటకు నాలుగైదు ధరలు ఉండేవి. ఉన్నవాడు బాల్కనీలో కూర్చునేవాడు, లేనివాడు తెరకు దగ్గరగా కూర్చునేవాడు. సినిమా మాత్రం ఇద్దరికీ ఒకటే, అదీ విడుదలైన వారంలోనే. తక్కువ డబ్బున్నవాడు తక్కువ సౌకర్యం ఒప్పుకుంటే చాలు, సినిమా కోసం వారాల తరబడి ఆగాల్సిన పని లేదు. ఆ ఏర్పాటు ఇప్పుడు కూలిపోతోంది. ఎస్.ఎన్. బెనర్జీ రోడ్డులోని ఎలీట్ 2018లో మూతపడింది, ఉత్తర కోల్‌కతాలోని మిత్రా 2019లో. ప్రియా, నవీనా లాంటివి నిలబడ్డాయి గానీ సింగిల్ స్క్రీన్లు ఒక్కొక్కటిగా పోతున్న కథ ఇక్కడా, విజయవాడలోనూ, వరంగల్‌లోనూ ఒకటే. వాటితో పాటు చవక సీటు కూడా పోయింది.

దాని స్థానంలో వచ్చిన మల్టీప్లెక్స్ లెక్క చూద్దాం. టికియాపారాకు దగ్గరలోనే, శిబ్‌పూర్‌లోని అవనీ రివర్‌సైడ్ మాల్‌లో మల్టీప్లెక్స్ ఉంది. 2024 మార్చిలో హౌరా మైదాన్ నుంచి నది కింద మెట్రో మొదలయ్యాక ఎస్ప్లనేడ్ హాళ్లు కూడా దగ్గరయ్యాయి. అంటే దూరం పెద్ద అడ్డు కాదు, ధరే అడ్డు. దేశంలో అతిపెద్ద మల్టీప్లెక్స్ సంస్థ పీవీఆర్ ఐనాక్స్ 2023-24 లెక్కల ప్రకారం సగటు టికెట్టు ధర 259 రూపాయలు, తినుబండారాల మీద ఒక్కొక్కరు పెట్టిన సగటు ఖర్చు 132 రూపాయలు. నలుగురున్న కుటుంబానికి ఈ సగటుతో లెక్కేస్తే ఒక్క సినిమాకు 1,564 రూపాయలు, దారి ఖర్చులు కాక. అమెజాన్ ప్రైమ్ ఏడాది చందా 1,499. ఒక్క సాయంత్రానికయ్యే ఖర్చు ఏడాది చందాను దాటిపోయింది. తినడం మానుకోవచ్చు కదా అనవచ్చు. బయటి తిండిని ఆపే హక్కు హాలు యజమానికి ఉందని 2023 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది, తాగునీరు మాత్రం ఉచితంగా ఇవ్వాలంది. పసిబిడ్డలకు తెచ్చిన ఆహారాన్ని ఆపకూడదని కూడా చెప్పింది. కానీ మూడు గంటల సినిమాకు పదేళ్ల పిల్లవాణ్ణి తీసుకెళ్లిన తల్లికి ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ కొనకుండా తప్పించుకోవడం ఎంత కష్టమో ఆ 132 రూపాయల సగటే చెబుతుంది.

అలాగని హాలు దండగ అని తీర్మానించడం తొందరపాటు. తలకింత అనే కొలత పెద్ద కుటుంబాన్ని శిక్షిస్తుంది, ఒంటరివాడికి మాత్రం మేలు చేస్తుంది. నలుగురైదుగురితో గది పంచుకుని ఉండే కుర్రాడికి టీవీ లేదు, ప్రశాంతంగా కూర్చునే చోటూ లేదు. అతనికి ఉదయం ఆట టికెట్టు ఒకటి కొంటే మూడు గంటల ఏసీ, చీకటి, పెద్ద తెర, మంచి శబ్దం, ఎవరూ కదిలించని ఏకాంతం దక్కుతాయి. హాలు అమ్మే అసలు సరుకు తెర ఒక్కటే కాదు, చెదరని ధ్యాస కూడా. ఇంట్లో కాలింగ్ బెల్లు, కుక్కర్ కూత, ఫోన్ మోత మధ్య ముక్కలుగా చూసిన సినిమాకూ హాల్లో ఏకబిగిన చూసిన సినిమాకూ తేడా ఉంది. ఆ తేడాకు డబ్బు పెట్టడం తెలివితక్కువ పని కాదు. కాకపోతే ఏ సినిమాకు ఆ తేడా ముఖ్యమో ఎంచుకోవాలి. శబ్దం, దృశ్యం, జనం ఈలలు కలిస్తేనే నిండే సినిమాలు ఏడాదికి మూడో నాలుగో వస్తాయి. మిగతావి ఇంట్లో చూసినా పెద్దగా పోయేదేమీ లేదు. మొదటి రోజు మోజు వేరే సంగతి. ‘పుష్ప 2’కు 2024 డిసెంబరు 4 రాత్రి ప్రీమియర్ ఆటకు ఆంధ్రప్రదేశ్‌లో 800 రూపాయలు, పైన జీఎస్టీ, మొత్తం 944 పెట్టి కొన్నవాళ్లు సినిమాకు కాక ఆ రాత్రికి ధర కట్టారు. వారం తిరక్కుండానే ఆ విలువ కరిగిపోతుంది.

ఇప్పుడు ఓటీటీ. ఇక్కడ కొలత ఇంటికింత, కాబట్టి చూసేవాళ్లు పెరిగేకొద్దీ, చూసే సినిమాలు పెరిగేకొద్దీ ధర పడిపోతుంది. 1,499 చందా కట్టి నలుగురూ కలిసి నెలకు మూడు సినిమాలు చూస్తే సినిమాకు 42 రూపాయలు, తలకు పదిన్నర. ఏ హాలూ దీనికి సాటి రాదు. అదే ఇల్లు ఏడాది మొత్తానికి ఆరు సినిమాలే చూస్తే సినిమాకు 250 రూపాయలు, తలకు 62. ఇప్పుడు పాత సింగిల్ స్క్రీన్ టికెట్టుతో పెద్ద తేడా లేదు. నెట్‌ఫ్లిక్స్ 2021 డిసెంబరులో తగ్గించిన మొబైల్ చందా నెలకు 149. ఫోన్‌లో ఒక్కడే చూసే ఆ చందాను ఏడాదంతా కట్టి ఆరు సినిమాలే చూసినవాడికి ఒక్కోటి 298 రూపాయలు పడుతుంది. మల్టీప్లెక్స్ సగటు కంటే ఎక్కువ, అదీ అరచేతంత తెర మీద. చందా చవక అన్న మాట ఎక్కువ చూసేవాడికే నిజం. తక్కువ చూసేవాడు తన డబ్బుతో ఎక్కువ చూసేవాడి ఖర్చు మోస్తున్నాడు. పైగా ధర ఒక చోట నిలవదు. మన దేశంలో ప్రైమ్ 2016లో 499తో మొదలై, 999కి ఎక్కి, 2021 డిసెంబరులో 1,499కి చేరింది. 2025 జూన్ నుంచి సినిమాల మధ్య ప్రకటనలు కూడా మొదలయ్యాయి, అవి వద్దంటే అదనంగా కట్టాలి. ఎక్కువ డబ్బుకు తక్కువ సుఖం అన్నమాట.

ఫోన్ మీద చూడటం ఉచితం అనుకునేవాళ్లు డేటాను మరిచిపోతున్నారు. సాధారణ నాణ్యతలో సినిమా గంటకు దాదాపు 0.7 జీబీ తింటుంది. ‘ఆర్ఆర్ఆర్’ నిడివి 182 నిమిషాలు, అంటే 2.1 జీబీ. 2024 జులైలో టెలికాం కంపెనీలు ధరలు పెంచాక 28 రోజులకు 299 రూపాయల జియో ప్యాకులో రోజుకు దక్కేది 1.5 జీబీ. ఒక్క సినిమా ఒక రోజు డేటాను మించిపోతుంది. సగంలో వేగం చచ్చిపోతుంది, మిగతాది మర్నాటికి వాయిదా. బ్రాడ్‌బ్యాండ్, టీవీ ఉన్న ఇంటికి ఈ బాధ లేదు. అవి లేని ఇంటికే చవక చందా ఖరీదవుతోంది. ఓటీటీ ధరల పట్టిక చదివేటప్పుడు టీవీ, ఇంటర్నెట్ అప్పటికే ఉన్నాయని మనం అనుకుంటాం. బెలిలియస్ రోడ్డు సందుల్లో ఆ ఊహ అన్ని ఇళ్లకూ సరిపోదు.

ఇక అసలు విషయానికి వస్తాను. తెలుగు ఇంటికి పై లెక్కలన్నీ మరో మెట్టు ఎక్కుతాయి. ‘ఆర్ఆర్ఆర్’ 2022 మేలో ఓటీటీకి వచ్చినప్పుడు హిందీ నెట్‌ఫ్లిక్స్‌లో, తెలుగు జీ5లో. ఒకే సినిమా, రెండు భాషలు, రెండు చందాలు. 2020 ఉగాదికి మొదలైన ఆహాలో కొన్ని తెలుగు సినిమాలు, ప్రైమ్‌లో కొన్ని, నెట్‌ఫ్లిక్స్‌లో కొన్ని. ఏడాదిలో చూడదగ్గ తెలుగు సినిమాలన్నీ కావాలంటే ఒక్క చందా చాలదు. హాళ్ల సంగతీ అంతే. పెద్ద తెలుగు సినిమా కోల్‌కతాకు తప్పకుండా వస్తుంది, కాని ఎక్కువ ఆటలు హిందీలోనే. తెలుగు ఆటలు కొద్ది, అవీ కొద్ది రోజులే. 2025 ఆగస్టులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ప్రతి హాల్లోనూ ప్రధాన సమయంలో రోజుకు ఒక బెంగాలీ ఆట తప్పనిసరి చేసింది. తన భాషను నిలుపుకోవడానికి ఒక రాష్ట్రం చేసిన ఆ పని న్యాయమైనదే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కాని బెంగాలీకీ హిందీకీ పోగా మూడో భాషకు మిగిలేది అంచు వేళలే. తెలుగు జనాభా ఎక్కువున్న ఖరగ్‌పూర్‌లో తెలుగు సినిమా దొరకడం తేలిక, కాని అది 115 కిలోమీటర్ల దూరం. ఉచిత దారి చూస్తే భాషకు పడే ఈ ఖర్చు మరీ స్పష్టం. దూరదర్శన్ ఫ్రీ డిష్‌కు పెట్టె, గొడుగు ఒక్కసారి కొంటే నెలసరి బిల్లు లేదు. అందులోని హిందీ సినిమా ఛానెళ్లలో మన హీరోల సినిమాలు కావలసినన్ని, అన్నీ హిందీలో. తెలుగు వినాలంటే దూరదర్శన్ యాదగిరి, సప్తగిరి ఉన్నాయి. కొత్త సినిమాలకు మాత్రం డబ్బు కట్టాల్సిందే. హిందీలో అయితే పైసా లేదు, తెలుగులో అయితే చందా. అదే సినిమా, అదే నటుడు, ధరలో తేడా మొత్తం భాషకే.

హిందీలో చూస్తే ఏమవుతుంది, కథ అర్థమవుతుంది కదా అనేవాళ్లున్నారు. కథ అర్థమవుతుంది, నిజమే. ‘రంగస్థలం’లో గోదావరి మాట, ‘బలగం’లో తెలంగాణ యాస, ‘పలాస 1978’లో శ్రీకాకుళం పలుకు హిందీ డబ్బింగ్‌లో మిగలవు. ఈ లైను మీద పనికొచ్చిన ఉత్తరాంధ్ర కుటుంబాలకు పలాస తెరమీద చూసే ఊరు మాత్రమే కాదు, హౌరా నుంచి ఇంటికి వెళ్లే దారిలో రైలు ఆగే స్టేషన్ కూడా. అక్కడి మాటను హిందీలోకి మార్చి ఇస్తే ఆ ప్రేక్షకుడికి దక్కాల్సిన దాంట్లో పెద్ద భాగం పోయినట్టే. ఇంకో కారణం మరింత బలమైనది. హౌరాలో పుట్టిన పిల్లలకు బడిలో బెంగాలీ, హిందీ, ఇంగ్లిష్. తెలుగు ఇంట్లో అమ్మ నోట, అమ్మమ్మ నోట తప్ప వినపడదు. ఇంటి బయటి తెలుగు, అపరిచితుల తెలుగు, కోపంలోనూ వేళాకోళంలోనూ ప్రేమలోనూ పలికే తెలుగు వాళ్ల చెవిన పడే దారి సినిమా ఒక్కటే. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. అది గౌరవమే, కానీ హోదాతో భాష పిల్లల నోట నిలవదు. వాళ్లు ఇష్టపడి వినే చోటు ఉంటే నిలుస్తుంది. కాబట్టి తెలుగులో చూడటానికి పెట్టే అదనపు ఖర్చును విలాసం పద్దులో రాయకూడదు, చదువు పద్దులో రాయాలి.

కొని దాచుకునే దారి ఒకప్పుడు ఉండేది. మోజర్ బేర్ 2006-07 ప్రాంతంలో వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మింది. ఒక్కసారి కొంటే ఎన్నిసార్లయినా, ఎంతమందైనా, భాష మారకుండా చూడవచ్చు. ఇంతకన్నా న్యాయమైన ధర భారతీయ సినిమాకు మరెప్పుడూ పెట్టలేదని నా అభిప్రాయం. ఆ వ్యాపారం పోయింది. చందా కట్టేవాడికి ఇప్పుడు సినిమా సొంతం కాదు, ఒప్పందం తీరగానే అది జాబితాలోంచి మాయం కావచ్చు. ఒక్కో సినిమాకు అద్దె కట్టే పద్ధతి దానికి కొంత దగ్గర. ఆమిర్ ఖాన్ 2025 ఆగస్టు 1న ‘సితారే జమీన్ పర్’ను ఏ ఓటీటీకీ ఇవ్వకుండా యూట్యూబ్‌లో 100 రూపాయలకు పెట్టాడు. నలుగురికి తలకు 25, చందా బంధం లేదు. అరుదుగా చూసే ఇంటికి, ఆరు సినిమాల ఇంటికి, ఇదే సరైన దారి. తెలుగు నిర్మాతలు దీన్ని పట్టించుకుంటే బయటి రాష్ట్రాల తెలుగు ఇళ్లకు చాలా మేలు జరుగుతుంది.

ఇన్ని లెక్కలెందుకు, పైరసీలో ఉచితంగా దొరుకుతోంది కదా అన్నది నేను తప్పించుకోలేని ప్రశ్న. పైరసీ సైటు ఐబొమ్మ వ్యవహారంలో 2025 నవంబరులో హైదరాబాద్ పోలీసులు ఒకరిని అరెస్టు చేసినప్పుడు టికెట్టు ధరలను చూపించి సానుభూతి పలికినవాళ్లు తక్కువేమీ కాదు. వాళ్ల కోపానికి కారణం ఉంది, వాళ్ల తీర్మానం మాత్రం తప్పు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం దొంగచాటు రికార్డింగ్‌కు కనీసం మూడు నెలలు, గరిష్ఠంగా మూడేళ్ల జైలు, మూడు లక్షలకు తగ్గని జరిమానా పెట్టింది. చట్టం మాట పక్కన పెట్టినా, ఈ దొంగతనం ముందు దెబ్బ కొట్టేది వందల కోట్ల సినిమాను కాదు. యాస మీద నిలబడే చిన్న సినిమాకు ఓటీటీ ధర కూడా పలకకుండా చేస్తుంది. మన భాషలో మన ఊరి కథ కావాలనుకునేవాడు దాన్ని తీసేవాడి పొట్ట కొట్టకూడదు.

అయితే ప్రభుత్వమే టికెట్టు ధర కట్టడి చేయాలా? ఆంధ్రప్రదేశ్ అది చేసి చూసింది. 2021 ఏప్రిల్‌లో ఇచ్చిన జీఓ 35 పంచాయతీల్లోని నాన్ ఏసీ హాళ్లలో అట్టడుగు తరగతికి 5 రూపాయలు పెట్టింది. ఆ ధరకు కరెంటు బిల్లు కూడా గిట్టదని ఆ ఏడాది చివర్లో ఎన్నో హాళ్లు తలుపులు మూసుకున్నాయి. 2022 మార్చిలో కనీసం 20 రూపాయలకు పెంచుతూ కొత్త జీఓ తేవాల్సి వచ్చింది. మరీ కిందికి నొక్కితే హాలే మిగలదు. కానీ ధర తగ్గిస్తే జనం వస్తారన్నదీ రుజువైంది. 2022 సెప్టెంబరు 23న జాతీయ సినిమా దినాన మల్టీప్లెక్సులు 75 రూపాయలకే టికెట్టు ఇస్తే ఒక్కరోజులో 65 లక్షల మంది వచ్చారని మల్టీప్లెక్సుల సంఘమే ప్రకటించింది. దాని పక్కన ఇంకో అంకె పెట్టి చూడండి. 2023-24లో పీవీఆర్ ఐనాక్స్ హాళ్లు సగటున నిండింది నాలుగో వంతుకు కాస్త పైన. నాలుగు సీట్లలో మూడు ఖాళీగా సినిమా ఆడుతోంది. ఖాళీ సీటు ఎవరికీ ఆదాయం కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 100 రూపాయలు, అంతకు లోపు టికెట్టు మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, ఆపైన 18 శాతమే ఉంది. పన్ను కూడా వంద లోపే ఉండమని చెబుతున్నట్టే. ఆంక్ష అక్కర్లేదు. సోమవారం నుంచి గురువారం దాకా, ఉదయం ఆటల్లో, వందకు మించని సీట్లు కొన్ని ఎప్పుడూ ఉంచితే పాత నేల, బెంచీ తరగతుల న్యాయం తిరిగి వస్తుంది.

ఆ వంద రూపాయల సీటును తెలుగువాళ్లు తమ భాషకు వాడుకోవాలి. ఒక్కొక్కరుగా వెళితే తెలుగు ఆట దొరకదు, వందమంది కలిసి అడిగితే హాలు ఉదయం ఆట ఇవ్వకుండా ఉండదు, ఎలాగూ ఆ వేళ సీట్లు ఖాళీయే. ఇది కోల్‌కతాకు కొత్త పద్ధతీ కాదు. సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా తదితరులు 1947లో కలకత్తా ఫిలిం సొసైటీ పెట్టింది, మార్కెట్టు తేని సినిమాను కలిసి తెప్పించుకుని చూడటానికే. ఇలా కలిసి చూడటానికి రైల్వే సిబ్బందికి ఇన్‌స్టిట్యూట్లనే క్లబ్బులున్నాయి, తెలుగు సంఘాలున్నాయి. ఇంటి చందాతో హాల్లో ఆట వేయడం నిబంధనలకు విరుద్ధం కాబట్టి నిర్మాత దగ్గర ప్రదర్శన అనుమతి తీసుకోవాలి. విడుదలై నెల దాటిన సినిమాకు అది కష్టసాధ్యం కాదు. తెలుగు నిర్మాతల మండళ్లు ఇలాంటి సంఘాలకు ఒక స్థిరమైన, తక్కువ రుసుము ప్రకటిస్తే బయటి రాష్ట్రాల్లో వాళ్లకు రాబడి పెరుగుతుందే గానీ తగ్గదు.

కాబట్టి నా తీర్పు ఇది. నెలకు మూడు నాలుగు సినిమాలు కలిసి చూసే ఇల్లు ఒకే చందా కట్టి, మూడు నెలలకో నాలుగు నెలలకో దాన్ని మార్చుకోవాలి. అన్నీ ఒకేసారి కట్టడం దండగ. అరుదుగా చూసే ఇల్లు చందా జోలికి పోకుండా సినిమాకింత అద్దె కట్టాలి. ఒంటరివాడికి వారం మధ్యలో ఉదయం ఆట మంచి బేరం. పెద్ద తెర నిజంగా కోరే సినిమాకు ఏడాదికి ఒకటి రెండుసార్లు ఇల్లంతా హాలుకు వెళ్లాలి, ఆ ఖర్చుకు బాధపడనక్కర్లేదు. ఏ దారిన వెళ్లినా పిల్లలకు తెలుగు సినిమాను తెలుగులోనే చూపించాలి, అందుకు కాస్త ఎక్కువైనా సరే. మిగతా అన్ని ఖర్చుల్లో పొదుపు చేయడానికి మార్గాలున్నాయి. ఈ ఒక్కదాంట్లో పొదుపు చేస్తే పోయింది మళ్లీ కొనడానికి దొరకదు.